డబ్బా మీద పేరు

పోయిన నవంబరులో ఒక సోమవారం పొద్దున ఆఫీసుకెళ్లి కంప్యూటర్ తెరిస్తే, శుక్రవారం నేను పంపిన కోడ్ కింద మూడు జర్మన్ మాటలు కనిపించాయి. "వేమ్ గెహోర్ట్ దాస్?" ఇది ఎవరిది, అని. ముందు పలకరింపు లేదు, చివర థాంక్స్ లేదు. టీమ్‌లో తొమ్మిదిమందీ చూసే చోట రాసి ఉంది. రాసినాయన మా అందరికంటే పెద్ద, ఇంకో ఆరేళ్లలో రిటైరవుతారు. ఇక్కడ అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు. మనకున్నట్టే జర్మన్‌లోనూ 'మీరు', 'నువ్వు' వేరువేరుగా ఉన్నాయి, అయినా మా ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ 'డూ', అంటే 'నువ్వు' అనే. వచ్చి రెండేళ్లయినా నాకు నోరు రాలేదు. ఆయన పేరు పలకాల్సిన చోటల్లా వాక్యాన్ని ఎలాగోలా తిప్పేసి పేరు లేకుండా గట్టెక్కుతుంటాను. అంత మర్యాద పెట్టుకున్న మనిషి నుంచి ఈ మూడు మాటలు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు.

మేమున్నది జర్మనీలో స్టుట్‌గార్ట్‌కి రైల్లో నలభై నిమిషాల దూరంలో ఒక చిన్న ఊళ్లో. ఫ్యాక్టరీల్లో ఇనుము కోసే యంత్రాల పక్కన ఒక తెర ఉంటుంది. ఆ తెర వెనక నడిచేది లినక్స్, దానిపైన తెర మీద కిటికీలు చూపించే ఎక్స్ 11, దానిపైన మా కంపెనీ సొంతంగా రాసుకున్న విండో మేనేజర్. అంతా సీ భాషే. విండో మేనేజర్ అంటే కిటికీలకు అంచు గీసి టైటిల్ బార్ తగిలించేది, ఏది పైన ఏది కింద ఉండాలో తేల్చేది, కుడి బటన్ నొక్కితే మెనూ తెరిచేది. ఎవరూ దాన్ని చూడటానికి కంప్యూటర్ కొనరు. కానీ అది పడిపోతే కిటికీలన్నీ తెర మీదే ఉంటాయి, అంచులూ టైటిల్ బార్లూ పోయి, జరపడానికి పట్టు దొరక్కుండా ఉండిపోతాయి.

మాకు మూడు ఫ్యాక్టరీల నుంచి సరిగ్గా ఈ ఫిర్యాదే వచ్చింది. మా దగ్గర మాత్రం ఒక్కసారీ జరగలేదు. కారణం వెతగ్గా వెతగ్గా తేలింది. మేం మెనూ తెరిస్తే వెంటనే ఏదో ఒకటి నొక్కేస్తాం. ఫ్యాక్టరీలో మనిషి చేతికి గ్లవ్స్‌తో మెనూ తెరిచి, ఇంతలో యంత్రం ఆగితే ముక్కని కొలవడానికి వెళ్లిపోతాడు. తిరిగి వచ్చేది పది నిమిషాలకి. ఈలోగా ఏ కిటికీ కోసం ఆ మెనూ తెరుచుకుందో ఆ ప్రోగ్రామ్ తన పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటుంది. కిటికీ పోయిందని ఎక్స్ సర్వర్ మాకు డిస్ట్రాయ్‌నోటిఫై అనే కబురు పంపుతుంది. మేం ఆ కిటికీ తాలూకు వివరాలు దాచుకున్న మెమరీని ఫ్రీ చేసేస్తాం, అంటే ఇక మాకక్కర్లేదని వదిలేస్తాం. మెనూ మాత్రం తెర మీద అలాగే నిలబడి ఉంది. దాంట్లో 'మూసెయ్యి' అన్న గడి చేతిలో పాత చిరునామా అలాగే ఉంది. ఆ మనిషి తిరిగొచ్చి దాన్ని నొక్కుతాడు.

నొక్కినప్పుడల్లా పడిపోతే మాకు ఎప్పుడో దొరికిపోయేది. ఫ్రీ చేసిన చోట పాత వివరాలు ఇంకా చెరిగిపోకుండా ఉంటే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఈలోగా అదే చోటు కొత్తగా తెరిచిన ఇంకో కిటికీకి దక్కితే, సంబంధం లేని ఆ కిటికీ మూసుకుపోతుంది. ఇది అన్నిటికంటే ఘోరం. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల పేరు మీద వచ్చిన నోటీసు కొత్తగా దిగినవాళ్ల తలుపుకి అంటించినట్టు.

నేను చేసిందేమిటంటే, మెనూ గడి నొక్కగానే ఆ చిరునామా, మా భాషలో పాయింటర్, సున్నానా కాదా అని చూసి, సున్నా అయితే వెనక్కి తిరిగే రెండు లైన్లు. ఇప్పుడు రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి. ఫ్రీ చేసినంత మాత్రాన పాయింటర్ సున్నా కాదు. ఒకచోట సున్నా చేసినా, ఇంకెన్నో చోట్ల ఉన్న దాని నకళ్లకి ఆ సంగతి తెలీదు. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీ భాష చేసినప్పటి నుంచి లెక్క ఒకటే. మాలక్ అని అడిగి తెచ్చుకున్న మెమరీని ఎప్పుడో ఒకప్పుడు, ఒకే ఒక్కసారి ఫ్రీ చెయ్యాలి. ఆ చెయ్యాల్సింది ఎవరో భాష గుర్తుపెట్టుకోదు. అది రాసేవాడి తలలో ఉండాలి. నా తలలో లేదు. ఆయన అడిగింది అదే.

అడిగిన తీరే నన్ను కోసింది. ఇక్కడికి రాకముందు నాలుగేళ్లు గచ్చిబౌలిలో పనిచేశాను. అక్కడ ఇలాంటి తప్పు దొర్లితే మా లీడ్ "ఒకసారి టీకి వెళ్దాం రా" అనేవాడు. కింద బండి దగ్గర, కప్పు సగం తాగాక, "ఆ మెనూ సంగతి ఇంకోసారి చూడరాదూ" అనేవాడు. తప్పు అని నోటితో అనేవాడు కాదు. రాత్రి పదింటికి అందరం కలిసే కూర్చునేవాళ్లం. ఎవడి బగ్ అని అడిగే అలవాటే లేదు, అది మా అందరి బగ్. ఇక్కడ ఐదు కొట్టగానే ఫయ్యరాబెంట్, ఇవాళ్టికి పని అయిపోయింది, అని అందరూ లేచిపోతారు. ఆ రాత్రి నా తప్పుతో నేనే మిగిలాను.

ఈ 'ఎవరిది' అనే ప్రశ్న ఇక్కడ నేలలో ఉందనిపించేది. ఆఫీసు ఫ్రిజ్‌లో పాల డబ్బా మీద పేరుంటుంది. మేముండే బిల్డింగ్‌లో ఈ వారం మెట్లు ఊడ్చాల్సింది ఎవరో ఆ తలుపుకి ఒక అట్ట వేలాడుతుంది. చివరికి ఖాళీ నీళ్ల సీసాకి కూడా ఇరవై ఐదు సెంట్లు ముందే కట్టించుకుని, తెచ్చి మిషన్‌లో వేస్తేనే తిరిగిస్తారు. ఇంత లెక్క మనుషుల మధ్య ఉంటే ఊపిరి ఎలా ఆడుతుందని ఇంట్లో ఫోన్‌లో ఎన్నోసార్లు అన్నాను. తెనాలిలో మా పక్కింటి కరివేపాకు చెట్టు ఎవరిదని ఎవరైనా అడిగారా?

పౌరుషంతో రెండోసారి రాశాను. ఈసారి ప్రతి వస్తువుకీ రిఫరెన్స్ కౌంట్ పెట్టాను. కిటికీ తాలూకు వస్తువుని ఎవరు పట్టుకుంటే వాళ్లు ఒకటి కలపాలి, వదిలేటప్పుడు ఒకటి తగ్గించాలి, సున్నాకి వచ్చినప్పుడే ఫ్రీ అవుతుంది. మెనూ కిటికీని పట్టుకుంది. కిటికీ కూడా తన మీద తెరిచిన మెనూ ఏదో తెలియాలి కాబట్టి మెనూని పట్టుకుంది. మెమరీ తప్పులు పట్టిచ్చే అడ్రెస్ శానిటైజర్ పెట్టి నడిపాను. అంతకుముందు హీప్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అని ఎర్రగా అరిచి, ఎక్కడ తెచ్చావు, ఎక్కడ వదిలావు, వదిలాక ఎక్కడ ముట్టుకున్నావు అని మూడూ చూపించినది ఇప్పుడు నడిచినంతసేపూ నోరెత్తలేదు. సంతోషంగా పంపాను.

వారం తిరిగాక అదే చోట మళ్లీ అవే మూడు మాటలు.

వారం రోజులు ఆపకుండా తిప్పిన టెస్ట్ తెరలో మెమరీ పెరుగుతూనే ఉందట. అవును మరి. కిటికీ వదిలితే గానీ మెనూ పోదు, మెనూ వదిలితే గానీ కిటికీ పోదు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని, బయటివాళ్లెవరికీ అక్కర్లేకపోయినా, ప్రాణంతో కూర్చున్నాయి. ఫ్యాక్టరీ తెరని రోజూ ఆపి వెయ్యరు, నెలలు నడుస్తుంది. తెరిచిన మెనూకొక కిటికీ చొప్పున పోగుపడుతుంది. మొదటిది ఎవరిదీ కాని వస్తువు. రెండోది అందరిదీ అయిన వస్తువు. రెంటికీ ఆయన ప్రశ్న ఒకటే, నా దగ్గర జవాబు లేకపోవడమూ ఒకటే.

ఆ శని, ఆదివారాలు ఇంట్లో కూర్చుని ఎన్‌లైటెన్‌మెంట్ కోడ్ చదివాను. 1997 నుంచి ఉన్న విండో మేనేజర్ అది, కార్స్‌టెన్ హైట్జ్‌లర్ మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి తిరగరాసి, దాని 17వ వెర్షన్‌ని 2012 డిసెంబరులో విడుదల చేశారు. అందులో వస్తువులన్నిటికీ ఒకే పునాది ఉంది. దాంట్లో పోవడానికీ ఫ్రీ అవడానికీ తేడా పెట్టారు. డెల్, అంటే తీసెయ్యి, అన్నప్పుడు ఆ వస్తువు ఇక లేదని గుర్తు పడుతుంది, ఆ సంగతి తెలియాల్సినవాళ్లకి తెలుస్తుంది, ఒక లెక్క తగ్గుతుంది. ఇంకా ఎవరైనా పట్టుకుని ఉంటే దాని చోటు మాత్రం వాళ్లు వదిలేదాకా అలాగే ఉంటుంది. వస్తువు పోయింది, దాని చోటు పోలేదు. చూడగానే మనసుకి హత్తుకుంది. మనం గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అనం. 'వెళ్లొస్తాను' అంటాం. మనిషి వీధి మలుపు తిరిగినా ఆ గడపలో కాసేపు అతని చోటు అలాగే ఉంటుంది.

కానీ అది చదివి అలాగే దించేస్తే సరిపోదని కూడా అప్పుడే తెలిసింది. ఎవరు ఎవర్ని పట్టుకోవచ్చో, ఎవరు పట్టుకోకుండా ఊరికే తెలుసుకుని ఉండాలో నేనే తేల్చుకోవాలి. కాగితం తీసి గీశాను. కిటికీ తాలూకు వస్తువు మేనేజర్ జాబితాది. మెనూ తెరుచుకున్నంతసేపే దాన్ని అరువు తెచ్చుకుంటుంది, అందుకు ఒక లెక్క. కిటికీకి తన మెనూ ఎవరో తెలుసు గానీ పట్టుకోదు, లెక్క లేదు. కిటికీ పోతే మెనూకి కబురెళ్తుంది, మెనూ మూసుకుని అరువు తిరిగిచ్చేస్తుంది. తిరిగిచ్చేముందే కిటికీ దగ్గరున్న తన గుర్తు సున్నా చేసి పోతుంది. ఇంకో చిక్కు మిగిలింది. 'మూసెయ్యి' నొక్కగానే నడిచే ఫంక్షన్ లోపలే కిటికీ పోవచ్చు, దాంతో మెనూ పోవచ్చు, అంటే నిలబడ్డ కొమ్మ నరికినట్టు. అందుకని ఆ ఫంక్షన్ నడిచినంతసేపు మెనూని మెనూయే పట్టుకుని, చివర్లో వదలాలి.

దీనికంటే తేలిక దారి కూడా ఉంది. మెనూలో పాయింటర్ పెట్టకుండా ఎక్స్ సర్వర్ ఇచ్చిన కిటికీ నంబరు పెట్టుకుని, నొక్కినప్పుడు జాబితాలో వెతికితే చాలు. చాలా విషయాలకి అది బాగానే పనిచేస్తుంది. కానీ పోయిన కిటికీ మెనూ తెర మీద అబద్ధంలా నిలబడే ఉంటుంది కదా, గ్లవ్స్ వేసుకున్న ఆ మనిషి దాన్ని నమ్మే నొక్కుతాడు. నాకది నచ్చలేదు.

సోమవారం ఆ కాగితం ఆయన బల్ల దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చాలాసేపు చూశారు. ఒక బాణం మీద వేలు పెట్టి, "ఇది పట్టుకోదు, అవునా?" అన్నారు. అవునన్నాను. తలూపారు. ఇక్కడ అంతకంటే మెచ్చుకోలు ఉండదు, నాకు తెలుసు. నాకది చాలింది.

ఆ ఉత్సాహంలో మర్నాడు పులిహోర చేసి ఆయనకి ఒక స్టీలు డబ్బాలో ఇచ్చాను. అది అమ్మ నాతో పంపించిన డబ్బా. ఆయన పొద్దున్నే తిరిగి తెచ్చారు. తళతళా తోమి, తుడిచి, ఖాళీగా. బల్ల మీద పెట్టి "చాలా బాగుంది" అని వెళ్లిపోయారు. ఖాళీగా! ఒక్క పంచదార పలుకైనా లేకుండా. ఆయనకి ఎవరు చెప్తారు, ఆయనకేం తెలుసు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను గానీ కోడ్ కింద చూసిన ఆ మూడు మాటల కంటే ఇదే ఎక్కువ గుచ్చింది.

మధ్యాహ్నం ఆయనే వచ్చి డబ్బా చేతిలోకి తీసుకుని అడుగున చుక్కలతో చెక్కిన అక్షరాల మీద వేలు పెట్టారు. ఇదేమిటని అడిగారు. నేను దాన్ని ఎన్నడూ చూసినట్టు చూడలేదు. మా ఇంటిపేరు, అమ్మ పేరు, కింద మా గృహప్రవేశం తారీఖు. స్టీలు సామాన్ల షాపువాడు మిషన్‌తో గొరగొరా చెక్కి ఇచ్చేవాడు, పక్కన నిలబడి చూసేవాణ్ణి. మా ఇళ్లల్లో గిన్నెలు వీధంతా తిరుగుతాయని, ఒకరింటికి కూరతో వెళ్లి ఇంకోరింటి నుంచి పచ్చడితో వస్తాయని, పెళ్లిళ్లకి వందల్లో కలిసిపోతాయని, అందుకే పేరు చెక్కిస్తారని చెప్పాను. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాను. ఆయన నవ్వారు. "అంటే మీ అమ్మ కూడా అదే అడుగుతారన్నమాట" అన్నారు.

అడుగుతుంది. పండగ మర్నాడు గూడు ముందు నిలబడి ఒక్కో గిన్నె తిప్పి చూసి, ఇది ఎవరిది, ఇది ఎవరిది అని, వాళ్లది వాళ్లింటికి పంపేది. పంపే డ్యూటీ నాదే. ఒక్కటీ పోయినట్టు నాకు గుర్తులేదు. రెండేళ్లుగా వాళ్లకి లెక్కలు, మనకి మనసులు అని ఇంటికి ఫోన్ చేసి చెప్పినవాణ్ణి. ఆ లెక్క మా వంటింట్లోనే ఉందని తెలియలేదు. కాకపోతే అమ్మ ఏ గిన్నెనీ ఖాళీగా పంపలేదు. ఈ సంగతి ఆయనకి చెప్పాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. చెప్తే అడిగినట్టుంటుంది. చెప్పలేదు.

కోడ్ డిసెంబరులో ఫ్యాక్టరీలకి వెళ్లింది. సంక్రాంతికి సెలవు దొరకలేదు. అరిసెలు ఇక్కడి ఇండియన్ షాపులో కొన్నవే, పాకం అంతగా కుదరలేదు, అయినా అదే డబ్బాలో పెట్టి ఆయనకి ఇచ్చాను. ఆ రాత్రి అమ్మ వీడియో కాల్‌లో అడిగింది.

"ఏరా, ఆ పొడవు డబ్బా కనపడదేం వెనకాల?"

"ఆఫీసులో పెద్దాయనకి అరిసెలు పెట్టిచ్చానమ్మా. ఆయన దగ్గరుంది."

"పేరుందిలే, వస్తుంది. భోంచేశావా?"