ఎర్ర గీత

"అదిగో సార్, వచ్చేసింది" అన్నాడు మా ల్యాబ్‌లో పనిచేసే నెల్లూరు తమ్ముడు.

చెన్నై తరమణిలో, మధ్యాహ్నం మూడింటికి. పగులు ఉందేమో చూద్దామని ఎర్ర రంగు పూసి, తుడిచి, పైన తెల్ల డెవలపర్ స్ప్రే చేశాం. పగుల్లోకి ఇంకిన రంగును అది పైకి లాగుతుంది. వెల్డు అంచున ఆ తెలుపు మీద వెంట్రుకలా సన్నటి ఎర్ర గీత తేలింది. బొటనవేలి గోరంత పొడవు. పొద్దున అక్కడే వేలితో తడిమి చూశాను, ఏమీ తగల్లేదు.

ఉక్కు వంతెన డెక్ (బళ్లు నడిచే పై భాగం) నమూనా అది. పైన 12 మి.మీ. ప్లేటు, కింద దానికి బలంగా వెల్డు చేసిన ఉక్కు పట్టీలు, అంటే రిబ్బులు. ఒక్క లారీతో విరిగేది కాదు. లక్షలసార్లు చక్రం పోయి పోయి అలిసిపోతుంది. బ్రిటన్‌లో 1966లో తెరిచిన సెవెర్న్ వంతెన డెక్‌లో పదేళ్లు తిరక్కుండానే ఇలాంటి పగుళ్లు కనిపించాయి.

పక్కనున్న రెండో నమూనాదీ అదే ఉక్కు, అదే వెల్డరు, అదే లోడు. ఇంకా చెక్కుచెదరలేదు! నన్ను పట్టి ఉంచేది ఈ తేడానే. అందుకే ఇన్నేళ్లు మన్నుతుందని ఒక్క అంకె చెప్పలేం. ఫలానా ఏడాదికల్లా పగులు వచ్చే అవకాశం ఎంతో లెక్కగట్టి చెబుతాం.

ఇంటికొస్తుంటే ఓఎంఆర్ రోడ్డు మీద కంకర పొంగిపొర్లుతూ ఒక టిప్పర్. బరువు పెరిగేకొద్దీ వెల్డులో ఒత్తిడి హెచ్చుతగ్గులూ పెరుగుతాయి. అవి రెట్టింపైతే నష్టం దాదాపు ఎనిమిది రెట్లు.

ఆ టిప్పర్ మలుపు తిరిగేదాకా దాని వెనక చక్రాలనే చూస్తూ నిలబడ్డాను.