సగం గొంతుతో మిగిలిన ట్యూబ్ ఆంప్: నా రిపేరు డైరీ

బుధవారం రాత్రి

గిటార్ వాయించడం మొదలుపెట్టి నలభై నిమిషాలు అయి ఉంటుంది. గట్టిగా ఒక కార్డ్ కొట్టగానే టప్‌మని చిన్న శబ్దం, ఆ వెంటనే ఎవరో గొంతు నొక్కేసినట్టు నా ట్యూబ్ ఆంప్ (గాజు వాక్యూమ్ ట్యూబ్‌లతో పనిచేసే యాంప్లిఫయర్) నీరసపడిపోయింది. పూర్తిగా ఆగిపోలేదు, అదే చిరాకు. వాల్యూమ్ ఆరు మీద పెడితే మామూలుగా రెండు మీద వచ్చేంత సౌండ్. కింది తీగలు మీటితే గుడగుడమంటోంది, పైగా చిన్న వాల్యూమ్‌లోనే చిరిగినట్టు వినిపిస్తోంది. ఫ్యూజ్ బాగానే ఉంది, ట్యూబ్‌లన్నీ వెలుగుతున్నాయి.

ఇది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 15 వాట్ల ఆంప్. ముందు సిగ్నల్‌ని సిద్ధం చేసే మూడు చిన్న 12ఏఎక్స్7 ట్యూబ్‌లు, వెనక పుష్-పుల్‌గా, అంటే పని చెరిసగం పంచుకుంటూ స్పీకర్‌ని నడిపే రెండు ఈఎల్84 పవర్ ట్యూబ్‌లు. ఆ రెండింటికీ కలిపి ఒకటే 130 ఓమ్‌ల క్యాథోడ్ రెసిస్టర్, రెండింటి కరెంటూ దాని గుండానే పోతుంది.

చేయి అలవాటుగా స్పీకర్ వైరు మీదికే పోయింది. ఆపుకున్నాను. ట్యూబ్ ఆంప్ ఆన్‌లో ఉండగా స్పీకర్ పీకితే, ట్యూబ్‌లకీ స్పీకర్‌కీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగిసి లోపలి ఇన్సులేషన్‌కే చిల్లు పడొచ్చు. ఆఫ్ చేశాకే వేరే వైరు, అదే 8 ఓమ్‌ల ఇంకో క్యాబినెట్ పెట్టి చూశాను. పెడల్స్ అన్నీ తీసేసి గిటార్ నేరుగా పెట్టాను. తేడా లేదు.

ఇక నా ఆశంతా ఎఫెక్ట్స్ లూప్ (బయటి ఎఫెక్ట్‌లు కలుపుకునే సెండ్, రిటర్న్ జాక్‌లు) మీదే. ఏమీ గుచ్చనప్పుడు సిగ్నల్ ఆ జాక్ లోపలి చిన్న రేకు మీదుగా దాటుతుంది. ఆ రేకుకు మకిలి పడితే వాల్యూమ్ ఉన్నట్టుండి పడిపోతుంది. సెండ్ నుంచి రిటర్న్‌కి ఒక పొట్టి కేబుల్ కలిపితే తేలిపోతుంది. కలిపాను. అదే నీరసం. క్లీనర్ కొడితే పోయే జబ్బు కాదన్నమాట.

గురువారం

నా దగ్గర బాగున్న 12ఏఎక్స్7 ఒకటి అదనంగా ఉంది. దాన్ని మూడు చోట్లా ఒక్కోసారి పెట్టి చూశాను (ప్రతిసారీ ఆఫ్ చేసి, చల్లారాకే). ఏ మార్పూ లేదు.

తర్వాత గదిలో లైట్ ఆర్పి ఈఎల్84ల వైపు చూస్తే కుడివైపు ట్యూబ్‌లో బూడిదరంగు ప్లేట్ (ట్యూబ్‌లో కరెంటు చేరే లోహపు రేకు) మధ్యలో మసక ఎరుపు. గుండె గుభేలుమంది. వెంటనే ఆపేశాను. చల్లారాక రెండు ట్యూబ్‌లనూ అటుదిటు మార్చి నిమిషం పాటు ఆన్ చేశాను. ఎరుపు ట్యూబ్‌తో పాటు ఎడమకి వెళ్లలేదు. ఇప్పుడు కుడి సాకెట్‌లోకి వచ్చిన రెండో ట్యూబ్ ఎర్రబడింది. అంటే ట్యూబ్‌లు మంచివే, తప్పు సాకెట్ వైపు ఉంది. ఇంతవరకూ సరిగ్గానే ఆలోచించాను. ఆ తర్వాతే దారి తప్పాను: ఎర్రబడుతోంది కుడివైపు కాబట్టి దొంగ కూడా అక్కడే ఉంటాడని ఖాయం చేసుకుని, కప్లింగ్ కెపాసిటర్ (సిగ్నల్‌ని దాటనిచ్చి డీసీని ఆపేది) లీకవుతోందని రాత్రంతా నమ్మాను.

శనివారం

ఛాసిస్ (భాగాలన్నీ బిగించిన లోహపు చట్రం) విప్పాను. ప్లగ్ పీకినా లోపలి ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి మిగిలి ఉండొచ్చు. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైపులా క్లిప్పులు కట్టి, ఒకటి ఛాసిస్‌కి, ఇంకోటి కెపాసిటర్ పాజిటివ్‌కి పట్టించాను. కొన్ని సెకన్లయ్యాక మీటర్ పెట్టి చూస్తే 1 వోల్ట్ కంటే తక్కువ. మీటర్‌లో చూసుకోకుండా మాత్రం వేలు పెట్టను.

ఆన్ చేసి కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్‌ని ఛాసిస్‌కి క్లిప్ చేసి వదిలేస్తాను. కుడి చేతిలో ఎర్ర ప్రోబ్, ఎడమ చేయి జేబులో.

ముందు కుడి ట్యూబ్ గ్రిడ్, అంటే సిగ్నల్ లోపలికొచ్చే 2వ పిన్. కప్లింగ్ కెపాసిటర్ లీకైతే అక్కడ పాజిటివ్ వోల్టేజి కనిపించాలి. కచ్చితంగా సున్నా. నా రాత్రి సిద్ధాంతం అక్కడికక్కడే కూలింది.

ట్యూబ్‌లకి అందే మెయిన్ సప్లై 340 వోల్టులుంది. కొన్న కొత్తలో రాసుకున్న లెక్క ప్రకారం 325 ఉండాలి. క్యాథోడ్ దగ్గర 10.7 ఉండాల్సింది 6.5 చూపిస్తోంది. 130 ఓమ్‌లతో భాగిస్తే 50 మిల్లీ ఆంపియర్లు, మామూలుగా అయితే 82. కరెంటు తగ్గింది కాబట్టి సప్లై పైకి లేచింది. అంటే ఎవరో ఒకరు పని మానేశారు.

ఎవరో తెలుసుకోవడానికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ చుట్ట (ఒక్కో సగం ఒక్కో ట్యూబ్‌ది) రెండు సగాల మీద ఎంత వోల్టేజి పడుతోందో చూశాను. ఇక్కడ రెండు ప్రోబ్‌లూ హై వోల్టేజి మీదే ఉంటాయి కాబట్టి ఆఫ్‌లో ఉండగానే క్లిప్పులు తగిలించి, చేతులు తీసేసి ఆన్ చేశాను. కుడి సగం మీద 5.4 వోల్టులు. ఎడమ సగం మీద సున్నా.

దొంగ కుడివైపు లేడు. ఎడమ ట్యూబ్ వెలుగుతూ ఊరికే కూర్చుంది, దాని పని కూడా కలిపి మోస్తూ కుడి ట్యూబ్ ఎర్రబడింది. ఈఎల్84 ప్లేట్ భరించగలిగేది 12 వాట్లు, నా లెక్కలో అక్కడ 15 పడుతోంది. గుడగుడ కూడా ఇందువల్లే అనుకుంటా: పుష్-పుల్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక వైపు నుంచే డీసీ పోతే దాని ఇనుప కోర్ అయస్కాంతత్వంతో త్వరగా నిండిపోతుంది, మొదట దెబ్బ తినేది బేస్.

ఎడమ ట్యూబ్ ఎందుకు మానేసింది? క్యాథోడ్ ఇద్దరికీ ఉమ్మడిది, ప్లేట్ పిన్ దగ్గర వోల్టేజి ఉంది. మిగిలింది స్క్రీన్ (ప్లేట్‌కి ముందుండే రెండో గ్రిడ్), 9వ పిన్. స్క్రీన్‌కి వోల్టేజి అందకపోతే ప్లేట్ మీద ఎంత ఉన్నా ట్యూబ్‌లో కరెంటు దాదాపు పోదు. ఈ చోట గంటన్నర వృథా చేశాను. స్క్రీన్ రెసిస్టర్ కొలిస్తే శుభ్రంగా 100 ఓమ్‌లు. ఆన్ చేసి దాని రెండు కాళ్ల దగ్గరా చూస్తే పూర్తి వోల్టేజి ఉంది. స్క్రీన్ బాగుందని టిక్కు పెట్టేసి, సర్క్యూట్‌లో సగం వరకూ వెనక్కి వెతుక్కుంటూ పోయాను.

టీ తాగుతుంటే వెలిగింది: నేను కొలిచింది రెసిస్టర్ కాలు, ట్యూబ్ పిన్ కాదు. రెసిస్టర్ నుంచి సాకెట్ దాకా ఇంకో సోల్డర్ జాయింట్ ఉంది కదా. ఆఫ్ చేసి, కెపాసిటర్లు మళ్లీ ఖాళీ చేసి, ట్యూబ్ తీసి, సాకెట్ 9వ రంధ్రంలోకి పైనుంచి సన్నటి తీగ దూర్చాను. అక్కడి నుంచి రెసిస్టర్ దాకా కుడివైపు 0.3 ఓమ్. ఎడమవైపు ఓఎల్, అంటే కనెక్షనే లేదని మీటర్ చెప్పడం. తీగ కొంచెం కదిపితే ఒక్క క్షణం 0.4, మళ్లీ ఓఎల్.

సాకెట్లు బోర్డు మీదే సోల్డర్ చేసిన రకం. బోర్డు తిప్పి భూతద్దంలో చూస్తే 9వ పిన్ చుట్టూ వెంట్రుక మందాన నల్లటి ఉంగరం. మామూలు కంటికి ఆ సోల్డర్ ముద్ద మెరుస్తూ నిక్షేపంగా ఉంది. ఈఎల్84 విపరీతంగా వేడెక్కుతుంది, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ పిన్ ఒక రవ్వ కదులుతుంది. ఏళ్ల తరబడి అలా కదిలి జాయింట్ చీలిపోయింది. బుధవారం నాటి టప్ అదే అయి ఉంటుంది.

ఆదివారం

పాత సోల్డర్ మీద కొత్తది పూయలేదు. విక్‌తో (సోల్డర్‌ని పీల్చే రాగి అల్లిక) మొత్తం లాగేసి, ఫ్లక్స్ రాసి, 60/40 సోల్డర్‌తో 360 డిగ్రీల దగ్గర మళ్లీ వేశాను. మిగతా పదిహేడు పిన్నులూ వదల్లేదు. వాటిలో ఇంకో రెండింటికి ఉంగరం మొదలవుతోంది.

ఆన్ చేశాక సప్లై 326, క్యాథోడ్ 10.7. ట్రాన్స్‌ఫార్మర్ ఎడమ సగం (131 ఓమ్‌లు) మీద 4.7 వోల్టులు, కుడి సగం (118 ఓమ్‌లు) మీద 4.5. అంటే ట్యూబ్‌లకి సుమారు 36, 38 మిల్లీ ఆంపియర్లు. రెండూ వంతులవారీగా ఎర్రబడ్డవే కాబట్టి కొత్త జత తెప్పించాలి. తొందరేం లేదు.

రెండు గంటలు ఆపకుండా వాయించాను, గొంతు పడిపోలేదు. మధ్యలో సాకెట్ అడుగున పొడి చెక్క పుల్లతో తట్టి చూశాను, ఉలుకూ పలుకూ లేదు. ఒక స్వరం దగ్గర మాత్రం జుయ్‌మని సన్నటి మోత వచ్చి మళ్లీ టెన్షన్ పెట్టింది. పది నిమిషాలు వెతికితే పైన హ్యాండిల్ స్క్రూ. విప్పినప్పుడు నేనే సరిగ్గా బిగించలేదు.