ఉంచుకోవలసిన లెక్క

పాలవాడి బాకీ, చీటీ డబ్బు, పిల్లల ఫీజులు, కిరాణా కొట్టు పద్దు రాసుకునే పొడవాటి నోటుపుస్తకాన్ని వెనుక వైపు నుంచి తిప్పి, ప్రతి నెలా నేను ఇంకొక లెక్క రాసుకుంటున్నాను. ఆ నెలలో చదివినవాటిలో, విన్నవాటిలో, ఇంటి పనుల మధ్య కంటబడినవాటిలో నాకు బాగా నచ్చి మనసులో నిలిచిపోయినవి అందులో ఉంటాయి. దీనికి ఆధారం బైబిలులో, ఫిలిప్పీ పట్టణంలోని క్రైస్తవులకు అపొస్తలుడైన పౌలు ఉత్తరంగా రాసిన పత్రికలోని 4వ అధ్యాయం 8వ వచనం: "మెట్టుకు సహోదరులారా, యే యోగ్యతయైనను మెప్పైనను ఉండినయెడల, ఏవి సత్యమైనవో, ఏవి మాన్యమైనవో, ఏవి న్యాయమైనవో, ఏవి పవిత్రమైనవో, ఏవి రమ్యమైనవో, ఏవి ఖ్యాతిగలవో, వాటిమీద ధ్యానముంచుకొనుడి." సండే స్కూలు కోసం ఈ వచనాన్ని కంఠతా పడుతూ మా అమ్మాయి, "మెట్టుకు అంటే ఏ మెట్టుకమ్మా?" అని అడిగింది. 'ఇక చివరగా చెప్పేదేమిటంటే' అన్న అర్థంలో వాడిన పాత మాట అని చెప్పాను. ఆ మొదటి మాటను బిడ్డకు వివరించగలిగాను గానీ, ఆ వచనంలోని చివరి మాట నాకు అర్థం కావడానికి ఈ నవంబరు రావలసి వచ్చింది.

మా పాలకొల్లు వైపు నవంబరంటే సార్వా కోతలు. ఇరుగుపొరుగువారు తెల్లవారకముందే కాలువలో కార్తిక దీపాలు వదులుతుంటే, మేము 2వ తేదీ సమాధుల పండుగకు సున్నం, బంతిపూలు, కొవ్వొత్తులు సిద్ధం చేసుకుంటాము. ఈసారి కూడా మా అత్తయ్యగారి సమాధికి ఒక పక్క నేను, మరొక పక్క మా పెద్ద తోడికోడలు సున్నం వేశాము. నేను ఆమెను అక్కా అని పిలుస్తాను. అయితే ఆ రోజు పిలవలేదు. గంటకు పైగా ఎదురెదురుగా కూర్చుని పని చేసి, కొవ్వొత్తులు వెలిగించి, ప్రార్థన ముగిశాక ఎవరి దారిన వారు వచ్చేశాము. మా మధ్య మూడేళ్లుగా ఇదే తీరు.

ఈ నెల నేను అన్నిటికంటే ఎక్కువగా చదివినది ఫిలిప్పీ పత్రికనే. నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా ఒక అధ్యాయం చదవవచ్చు. పౌలు ఈ పత్రికను బంధకాలలో, అంటే చెరలో ఉండి రాశాడని అందరికీ తెలుసు. అయితే దీనిని మొదట విన్న సంఘం ఎలా పుట్టిందో అపొస్తలుల కార్యముల 16వ అధ్యాయంలో మళ్లీ చూసినప్పుడు, ఏటి గట్టున పుట్టి పెరిగిన నాకు ఎంతో సంతోషం కలిగింది. విశ్రాంతి దినాన పౌలు, అతనితో ఉన్నవారు ఊరి గవిని, అంటే ద్వారం, దాటి నదీతీరానికి వెళ్లి, అక్కడ కూడివచ్చిన స్త్రీలతో మాట్లాడారు. ఆ స్త్రీలలో ఒకతె ఊదారంగు వ్యాపారం చేసుకునే లూదియ. ఆమె ఇంటివారితో కూడ బాప్తిస్మం పొందింది. ఫిలిప్పీ సంఘానికి మొదలు నది ఒడ్డున కూర్చున్న ఆడవాళ్లే.

అదే సంఘంలో తరువాత ఇద్దరు స్త్రీలకు పడలేదు. యువొదియ, సుంటుకే అనే వారిద్దరినీ ప్రభువునందు ఏకమనస్సు గలవారై ఉండమని పౌలు బతిమాలుకుంటాడు. తగవు ఎందుకు వచ్చిందో చెప్పడు, తప్పు ఎవరిదో తేల్చడు. వారిద్దరూ "సువార్తపనిలో నాతోకూడ ప్రయాసపడినవారు" అని మాత్రం గుర్తు చేస్తాడు. ఆ మాట ఉన్నది 4వ అధ్యాయం 2, 3 వచనాలలో. నేను ఇన్నేళ్లుగా విడదీసి కంఠతా పెట్టుకున్న 8వ వచనం దానికి అయిదు వచనాల దూరంలోనే ఉన్నది. 'ఏవి రమ్యమైనవో' అన్న మాటను పూలకూ పాటలకూ అన్వయించుకుంటూ వచ్చిన నాకు, అది ముందుగా ఆ ఇద్దరు స్త్రీల చెవిన పడిన మాట అన్న సంగతి ఇంతకాలం తట్టలేదు.

బుధవారం బైబిలు అధ్యయనంలో అయ్యగారు చెప్పిన ఒక విషయం దీనికి తోడైంది. మన బైబిలులో 'ధ్యానముంచుకొనుడి' అని ఉన్నచోట గ్రీకు మూలంలో 'లొగిజొమై' అనే క్రియ ఉన్నదట. ఎంచడం, లెక్కించడం, పద్దులో వేసుకోవడం అని దాని అర్థం. ప్రేమను గురించి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో "అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అని చదువుతామే, అక్కడా అదే క్రియ. అక్కడ ఉంచుకోవద్దన్నది, ఇక్కడ ఉంచుకొమ్మన్నది ఒకే లెక్కను గురించి. తెలుగు చేసినవారు రెండు చోట్లా 'ఉంచుకొను' అన్న మాటనే వేయడం గమనించి ఆ రాత్రి నేను చాలాసేపు మేలుకునే ఉన్నాను.

ఎందుకంటే నా దగ్గర రెండో లెక్క కూడా ఉన్నది. దానిని ఏ నోటుపుస్తకంలోనూ రాయలేదు, అయినా ఒక్క అక్షరమూ చెరగలేదు. మూడేళ్ల కిందట అత్తయ్యగారి జ్ఞాపకార్థ కూడిక రోజున, వచ్చిన బంధువులందరి ముందు, "మంచాన ఉన్నప్పుడు నీళ్లు అందించినవాళ్లు ఎవరో, ఈవేళ ముందు వరసలో కూర్చున్నవాళ్లు ఎవరో" అని అక్క అన్నది. అప్పట్లో మా వారి ఉద్యోగం దూరాన. నా చేతిలో చంటిబిడ్డ. ఆ కారణాలను మనసులో వందసార్లు చెప్పుకున్నాను. కాని ఆమె ఎనిమిది నెలలు రాత్రింబవళ్లు అత్తయ్యగారికి సేవ చేసిన మాట నా లెక్కలో ఒక్కసారి కూడా ఎక్కలేదు. అది సత్యమైనది, మాన్యమైనది, న్యాయమైనది కూడాను. వచనం ఏవేవి ఉంచుకొమ్మన్నదో వాటిని వదిలి, ఉంచుకోవద్దన్నదానిని భద్రంగా దాచుకున్నాను.

దేవుడు తన పద్దును ఎలా నడుపుతాడో కూడా అదే క్రియతో పౌలు మరోచోట చెప్పాడు. క్రీస్తునందు దేవుడు "వారి అపరాధములను వారిమీద మోపక" లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని 2 కొరింథీయులకు 5వ అధ్యాయం 19వ వచనం. 'మోపక' అన్న తెలుగు మాటలో ఎంత బరువున్నదో, ధాన్యం బస్తా వీపున మోసినవాళ్లను చూసిన మా ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు.

పత్రికతో పాటు ఈ నెల మన డెల్టాలో సువార్త వచ్చిన చరిత్రను కూడా కొంత చదివాను. 1836లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ తమ భార్యలతో సహా వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పని చేశారు. ఒకరు రాతిపని చేసేవారు, మరొకరు చెప్పులు కుట్టేవారు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైనప్పుడు అక్కడికి చేరిన కూలీల మధ్య కూడా వారు వాక్యం చెప్పారు. ఆ ఆనకట్టను 1852 నాటికి పూర్తి చేయించిన ఆర్థర్ కాటన్ కూడా భక్తిపరుడైన క్రైస్తవుడే. కాలువ గట్టు మీద నడిచేటప్పుడు 65వ కీర్తనలోని "దేవుని నది నీళ్లతో నిండియున్నది" అన్న మాట నాకు ఊరికే రాదు. అయితే చదువుతున్నంతసేపూ నా ఆలోచన ఆ ఇద్దరు భార్యల మీదే ఉండిపోయింది. భాష తెలియని ఊరిలో, ఈ ఉక్కపోతలో, ఈ దోమల మధ్య ఒకరికొకరు తప్ప తోడు లేని ఆ ఇద్దరు స్త్రీలు ఎన్నిసార్లు నొచ్చుకుని ఉంటారో, ఎన్నిసార్లు మళ్లీ కలిసి మోకరించి ఉంటారో!

విన్నవాటిలో ఒక్కదానినే రాస్తాను. ఫోనులో ఎన్ని కొత్త పాటలు వచ్చినా, రాగం, తాళం పైన అచ్చువేసి ఉండే మన పాత కీర్తనలంటే నాకు ప్రాణం. 1803లో పుట్టి 1890లో ప్రభువు సన్నిధికి చేరిన పురుషోత్తమ చౌదరిగారి వంటి భక్తులు వాటిని మనకు ఇచ్చారు. మూడో ఆదివారం ఆరాధనలో హార్మోనియం వాయించే అబ్బాయి రాలేదు. కీర్తన ఎత్తుకునేవారు లేక అందరూ తటపటాయిస్తుంటే, వెనుక వరసలోనుంచి అక్క అందుకున్నది. అది అచ్చంగా అత్తయ్యగారి వరుస. రెండో చరణంలో ఆవిడ సాగదీసే చోటనే సాగదీసి, ఆగే చోటనే ఆగింది. మంచం పక్కన కూర్చుని వినీ వినీ నేర్చుకున్న వరుస అది. ఆ గొంతు విని నాకు కళ్లు తడిశాయి.

ఇంటి విషయాలు కొద్దిగానే. మా ఇంట్లో మిగిలిన లేసు దారంతో అమ్మాయికి గొలుసు కుట్టు నేర్పాను. ఈ వైపు ఆడవాళ్ల చేతికి 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన పని అది. తేగలు వచ్చాయి. కొత్త బియ్యంతో పరమాన్నం వండాను.

కోత పండుగకు ముందురోజు శనివారం సాయంత్రం, తంపట వేసిన తేగల కట్ట ఒకటి పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. ఆమె గడపలోనే నిలబడింది. "అక్కా, అత్తయ్యగారిని ఎనిమిది నెలలు నువ్వే చూశావు. ఆ మాట నేను ఇంతవరకూ నోరు తెరిచి అనలేదు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. తేగలు అందుకుని లోపలికి వెళ్లి, కాసేపటికి, "అన్నం తిని వెళ్లు, చీకటి పడుతోంది" అని కంచం పెట్టింది. మరునాడు గుడిలో కొత్త ధాన్యం, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, అరటి గెలలు వేలం వేస్తున్నప్పుడు మేము ఒకే చాప మీద కూర్చున్నాము. పాత మాటలు ఎత్తుకోలేదు. ఎత్తుకునే రోజు వస్తే, అది కూడా నెమ్మదిగా మాట్లాడుకోగలమని అనిపించింది.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక నోటుపుస్తకం వెనుక నుంచి తిప్పి, నవంబరు అని రాసి, చదివినవి, విన్నవి వరుసగా వేసుకున్నాను. అడుగున ఒక గీత ఖాళీ మిగిలితే, అక్క పెట్టిన కంద బచ్చలి కూర అని రాసి దీపం ఆర్పాను.