బ్రస్సెల్స్‌లో మాపటి కల్లు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఐసీఈ రైలు ఎక్కితే మూడు గంటల చిల్లరలో బ్రస్సెల్స్. మూడు రోజులకని వెళ్లాం గానీ నాకు రాయాలనిపిస్తున్నది ఒక్క శనివారం పొద్దుటి పూట గురించే. మిగతాదంతా మీకు తెలిసిందే: వాఫుల్స్, వాన, ఉచ్చ పోసే పిల్లాడి బొమ్మ (రెండడుగులు కూడా లేదు, దాని చుట్టూ అంత గుంపు).

ముందు ఒళ్లు మండిన సంగతి చెప్పేస్తాను. శుక్రవారం రాత్రి గ్రాండ్ ప్లేస్ పక్క సందులో ఒక పబ్బుకి పోయాం. మెనూ పాత టెలిఫోన్ డైరెక్టరీ అంత లావు, వందల బీర్లు. మొదట అడిగింది లేదు, రెండోది లేదు, మూడోది నిన్ననే అయిపోయిందట. ఉన్నదేదో ఇవ్వవయ్యా అంటే చెర్రీల బీరని ఒక చిన్న గ్లాసు తెచ్చాడు. పావు లీటరు, ఏడున్నర యూరోలు. తాగితే అచ్చం చిన్నప్పటి దగ్గు మందు. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు తెరిచినప్పటి నుంచీ జూబ్లీహిల్స్, గచ్చిబౌలి అంతా తిరిగినవాణ్ని, పేర్లు ఎక్కువున్న చోట బీరు బాగోదని నాకు తెలియాల్సింది. ఇంతకుముందు మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్‌లోనూ ఇలాగే బుక్కయ్యాను. 2024లో అక్కడ కొన్ని టెంట్లలో లీటరు మగ్గు 15 యూరోలు దాటింది, దొరికేది ఆ ఊరి ఆరు బ్రూవరీల బీరే, గుంపుగా కూర్చోవాలంటే బల్ల ముందే బుక్ చేసుకుంటేనే నయం. జాతరకి రిజర్వేషనేంటండీ!

మర్నాడు నాతో వచ్చినవాడు లేవనంటే నేనొక్కణ్నే మిడి స్టేషన్ వెనక ఆండర్‌లెక్ట్ వైపు నడిచాను. కాంటియాన్ బ్రూవరీ అక్కడే. 1900లో మొదలైంది, బయట నుంచి చూస్తే ఏ గోడౌనో అనుకుని దాటిపోతాం. లోపల అడుగు పెట్టగానే తడి చెక్క, పాత గోనెసంచి, ఏదో పులిసిన వాసన కలిసి కొట్టింది. చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టి, తిరిగి చూసి రా, తర్వాత పోస్తాం అన్నారు.

ఇక్కడ చేసేది లాంబిక్ అనే బీరు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ (మాల్టు)తో పాటు మొలకెత్తించని గోధుమ కూడా వేసి, పాత హాప్స్‌తో (బీరులో వేసే ఒక తీగ పూలు) మరిగించి, ఆ రసాన్ని పైకప్పు కింద పరుపంత పలచగా పరిచిన రాగి తొట్టిలో పోసి రాత్రంతా వదిలేస్తారు. పులియబెట్టే ఈస్ట్ ఎవరూ వెయ్యరు. గాలిలో ఉన్నదే వచ్చి పడుతుంది. వేసవి గాలిలో చెడగొట్టే క్రిములు ఎక్కువ కాబట్టి చలికాలంలో మాత్రమే వండుతారు. తెల్లారాక పీపాల్లోకి పోతుంది, ఇక ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు అక్కడే. ఈ మూడు వయసులవీ కలిపి సీసాకెత్తితే దాని పేరు గ్యూజ్. ఏడాదిదాంట్లో ఇంకా తీపి మిగిలి ఉంటుంది గనక సీసాలో మళ్లీ పొంగుతుంది. పీపాల మధ్య సాలెగూళ్లు వేలాడుతున్నాయి, దులపరట, ఈగల్ని అవే పడతాయని. మా అమ్మ చూస్తే ముందు చీపురెక్కడుందని అడిగేది.

చివర్లో జగ్గులోంచి లాంబిక్ పోశారు. నురగ లేదు, గ్యాస్ లేదు. ఒక గుక్క తాగి, పైకే అనేశాను: "ఇది మాపటి కల్లు!"

నిజంగా అదే. ఇంజనీరింగ్ సెలవుల్లో మోత్కూరు దగ్గర మా ఊరికి పోతే గౌడ్ మామ పొద్దున దించిన తాటికల్లు తియ్యగా ఉండేది, మధ్యాహ్నానికి లొట్టి బుసబుసా పొంగేది, మాపటికి దవడలు గుంజేంత పులుపు. మామ కూడా ఈస్ట్ వేసింది లేదు, ఆ లొట్టి, ఆ గాలి, అంతే. తాటాకు రేక పట్టుకుని కూర్చుంటే మోచేతుల మీదుగా కారేది. ఇప్పుడు మామ చెట్టెక్కడం లేదు. సిటీ కల్లు కాంపౌండ్‌కి పోదామంటే క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు పట్టుకున్నారని పేపర్లో చదివిన భయం.

నా మాట విని ఎదురుగా కూర్చున్న ముసలాయన ఏమన్నావని అడిగాడు. వచ్చీరాని ఇంగ్లీషు ఆయనది, అంతకంటే గొప్పది కాదు నాది. చెట్టు పైన గెల కోస్తాం, కుండ కడతాం, అందులో బొట్టు బొట్టు పడుతుంది అని చేతులతో చూపించాను. "చెట్టే బీరు చేస్తుందా?" అన్నాడు. దాదాపుగా అంతే అన్నాను. సీసా ఎంతకొస్తుందని అడిగాడు. సీసాలో పెట్టేది కాదు, ఆ రోజు సాయంత్రం లోపే తాగాలి, మర్నాటికి పనికిరాదు అంటే, ఆయన తన గ్లాసు వైపు చూసి, నా వైపు చూసి, పనికిరాకపోవడం ఏంటి, పీపాలో పోయొచ్చు కదా అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయనే తన గ్యూజ్ సీసాలోంచి నాకు సగం గ్లాసు పోశాడు. రాత్రి దగ్గు మందుకి పెట్టిన ఏడున్నర యూరోలు అప్పుడు మర్చిపోయాను.

ఒక సీసా కొని, బయటికొచ్చి బాపుకి ఫోన్ చేశాను.

"బాపూ, ఈడ కల్లు లెక్కనే ఉన్న బీరు దొరికింది."

"పుల్లగున్నదా?"

"మస్తు పుల్లగుంది."

"ఎప్పటిదన్నడు?"

"మూడేండ్లది కలిపిండ్రట."

కాసేపు మాట లేదు.

"నువ్వు కొత్తోనివని సూసి అంటగట్టిండు కొడుకా. పొయ్యి పైసలు వాపస్ అడుగు."