థోర్‌తో స్నేహం, ఓడిన్‌తో పేచీ

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లోని జాతీయ మ్యూజియంలో ఒక కంచు బొమ్మ ఉంది. ఎత్తు 6.7 సెంటీమీటర్లు. గడ్డం ఉన్న మనిషి కుర్చీలో కూర్చుని, రెండు చేతులా సుత్తిలాంటిదాన్ని పట్టుకుని ఉంటాడు. సుమారు వెయ్యేళ్ళనాటిది, ఉత్తర ఐస్‌లాండ్‌లో దొరికింది. క్రైస్తవానికి ముందు అక్కడివాళ్ళు కొలిచిన ఉరుముల దేవుడు థోర్ అని ఎక్కువమంది అంటారు, ఆటలో వాడే పావు అయి ఉండొచ్చని కొందరంటారు. దేవుడే అయితే జేబులో పట్టే దేవుడు. అలా వెంటపెట్టుకు తిరగడం ఆ కాలంలో వింతేమీ కాదు. కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న హాల్‌ఫ్రెడ్ అనే కవి తన సంచిలో దంతంతో చేసిన థోర్ బొమ్మ దాచుకున్నాడని గిట్టనివాడొకడు నార్వే రాజుకి చాడీ చెప్పినట్టు పాత కథల్లో ఉంది. వెతికితే దొరకలేదు.

ఆ బొమ్మ ముందు నాతోపాటు ఇంకొకావిడ నిలబడి ఉంది. యాభై దాటినావిడ, అమెరికాలో నర్సు. ఫొటో తీయలేదు, తల వంచి ఏదో గొణిగింది. నేను చూస్తున్నానని గమనించి, "పలకరించాను, అంతే" అంది. ఇద్దరం వచ్చింది ఒకే పని మీద అని కాసేపటికి తెలిసింది. జూన్‌లో థింగ్‌వెట్లిర్‌లో జరిగే థింగ్‌బ్లోట్ అనే పాత దేవుళ్ళ పూజ చూడాలని. ఆవిడ కారు అద్దెకి తీసుకుంది, పెట్రోలు ఖర్చు సగం సగం అనుకున్నాం.

ఐస్‌లాండ్‌లో పాత దేవుళ్ళ మతానికి ఇప్పుడు చట్టబద్ధమైన సంఘం ఉంది, పేరు ఆసాత్రూవార్‌ఫెలాగిద్. 1972లో, అక్కడివాళ్ళు వేసవి తొలిరోజుగా జరుపుకునే ఏప్రిల్ పండగనాడు మొదలైంది, మరుసటి ఏడాది ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. మొదటి పెద్ద స్వైన్‌బ్యోర్న్ బైన్‌టైన్‌సన్ గొర్రెలు కాసే రైతు, పాత పద్యాలు రాగం తీసి పాడేవాడు. గుర్తింపు అడగడానికి మంత్రి దగ్గరికి వెళ్ళొచ్చాక ఉరుములతో తుఫాను వచ్చి ఊళ్ళో కరెంటు పోయిందని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. థోర్ సిఫారసు అన్నమాట. ఇప్పుడు సభ్యులు కొన్ని వేలమంది. నాలుగు లక్షలైనా లేని దేశంలో అది తక్కువేం కాదు.

వెళ్ళేముందు నాకు టెన్షన్‌గానే ఉంది. ఈ దేవుళ్ళు తెల్లవాళ్ళ రక్తానికే చెందుతారని వాదించే గుంపులు అమెరికాలో, యూరప్‌లో ఉన్నాయి. నా రంగు చూసి ఎవరేమంటారో అని. ఐస్‌లాండ్ సంఘం మాత్రం జాత్యహంకారానికీ, యుద్ధోన్మాదానికీ, జంతుబలికీ తమ మతంలో చోటు లేదని ఖరాఖండిగా చెబుతుంది. అక్కడ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: గాలికి సరిపడా కోటు తెచ్చుకున్నారా?

థింగ్‌వెట్లిర్ అంటే భూమి రెండుగా చీలుతున్న చోటు. నల్లరాతి గోడ పక్కన 930లో వాళ్ళ పార్లమెంటు మొదలైంది. సుమారు 1000లో దేశం క్రైస్తవమా పాత మతమా అని కొట్టుకునే దాకా వస్తే, తీర్పు థోర్‌గైర్ అనే పెద్దకి అప్పగించారు. ఆయన పాత మతంవాడే. ఒక పగలూ ఒక రాత్రీ దుప్పటి కప్పుకుని పడుకుని, లేచి, అందరం క్రైస్తవులమవుదాం అన్నాడు. అయితే ఇంట్లో గుట్టుగా పాత దేవుళ్ళకి పెట్టుకునేవాళ్ళు పెట్టుకోవచ్చన్నాడు. ఆ మినహాయింపు కొన్నేళ్ళే ఉంది. సరిగ్గా అక్కడే ఇప్పుడు బ్లోట్ చేస్తున్నారు.

బ్లోట్ ఆర్భాటంగా ఉంటుందనుకున్నాను. ఉన్ని బట్టల్లో ఒక పెద్దమనిషి పాత పద్యం చదివాడు, కొమ్ముతో చేసిన పాత్రలో పానీయం చేతులు మారింది, ఒక్కొక్కరూ ఒక దేవుడికో, పోయిన అమ్మమ్మకో, ఈ నేలకో జేజేలు చెప్పి ఒక గుక్క తాగారు. నా వంతు వచ్చినప్పుడు కాస్త నేల మీద పోశాను. తర్వాత కబుర్లు. పక్కనున్న స్థానికుణ్ణి, దేవుళ్ళకి పెద్ద, కవిత్వానికి దేవుడు అయిన ఓడిన్ నిజంగా ఉన్నాడంటారా అని అడిగాను. ఇది ఏం ప్రశ్న అన్నట్టు చూసి, "వాతావరణం ఉంది, కవిత్వం ఉంది, చాలదా?" అన్నాడు.

మా నర్సుగారికి ఇది నచ్చలేదు. ఇప్పటి పెద్ద హిల్మార్ ఓర్న్ హిల్మార్‌సన్ 2015లో, ఎనిమిది కాళ్ళ గుర్రం మీద తిరిగే ఒంటికన్ను మనిషిని (ఓడిన్‌నే) ఎవరూ నమ్మరు, అవన్నీ కవితా రూపకాలు అని విలేఖరులకి చెప్పారు. "అది చదివి నాకు ఒళ్ళు మండింది. నేను రోజూ పొద్దున్నే కాఫీ పెట్టేది రూపకానికా?" అంది.

కారులో ఆవిడ లోకం గురించి చాలా చెప్పింది. అమెరికాలో ఆసాత్రూ, అంటే ఈ పాత మతం, పాటించేవాళ్ళలో చాలామందికి ఒక ఆత్మీయ దేవత ఉంటుంది, మన ఇష్టదైవం లాగా. ఆ దేవత ఇష్టాయిష్టాలు కొన్ని పుస్తకాల నుంచి, కొన్ని సొంత అనుభవం నుంచి తెలుస్తాయట. ఆధారం చూపలేని సొంత అనుభవానికి వాళ్ళలో యూపీజీ అని పొట్టిపేరు. ప్రేమ దేవత ఫ్రేయాకి స్ట్రాబెర్రీలు ఇష్టమని పాత గ్రంథాల్లో ఎక్కడా లేదు, అయినా ఎంతోమంది పెడతారు. జిత్తులమారి లోకీకి కొమ్ము ఎత్తొచ్చా లేదా అన్న దాని మీద బృందాలే చీలిపోయాయట. నైవేద్యాల దగ్గర మనం పడే గొడవలు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

ఇదంతా ఒంటరి అమెరికన్లు కల్పించుకున్న ఓదార్పు అని కొట్టిపారేయడం తేలికే. నేనూ సగం అలాగే అనుకుంటూ హెల్గాఫెల్ చేరాను. స్టిక్కిస్‌హోల్ముర్ దగ్గర 73 మీటర్ల గుట్ట, మన ఊళ్ళలో అయితే దాన్ని కొండ అనరు. నార్వే రాజుతో చెడినప్పుడు థోరోల్ఫ్ అనే ఆయన, రాజీపడాలా దేశం విడిచిపోవాలా అని థోర్‌నే అడిగాడు. అక్కడ థోర్‌ని ఆయన ఆప్తమిత్రుడు అని కథ రాసినవాళ్ళే అన్నారు. వెళ్ళిపొమ్మని జవాబొచ్చింది. గుడి కలపా, గద్దె కింది మట్టీ ఓడలో వేసుకుని వచ్చాడు. ఐస్‌లాండ్ తీరం కనబడగానే థోర్ బొమ్మ చెక్కిన స్తంభాన్ని సముద్రంలో వదిలి, అది ఒడ్డుకి చేరినచోట దిగాడు. ముఖం కడుక్కోకుండా ఎవరూ ఈ గుట్టవైపు చూడకూడదన్నాడు. తన వంశంవాళ్ళు చనిపోయాక ఇందులోకే వెళ్తారని నమ్మాడు. కొడుకు సముద్రంలో మునిగిపోయిన సమయంలో గుట్ట తెరుచుకుని, లోపల దీపాలూ విందూ ఒక పశువుల కాపరికి కనబడ్డాయట.

ఇప్పుడు యాత్రికులు వెనక్కి చూడకుండా, మాట్లాడకుండా ఎక్కితే మూడు కోరికలు తీరతాయంటారు. పైన గాలి మా టోపీలు లాగేసింది. ఆవిడ తిట్టింది. కోరికలు పోయినట్టే.

తిరుగుదారిలో బోర్గార్నెస్ దగ్గర బోర్గ్‌లో ఆగాం. ఎగిల్ ఉన్న పొలం అది. పదో శతాబ్దపు మనిషి, హంతకుడు, తాగుబోతు, మహాకవి. కొడుకు బోద్వార్ ఇక్కడి నీళ్ళలో మునిగి చనిపోతే, తలుపు వేసుకుని తిండీ నీళ్ళూ మానేసి చావడానికి పడుకున్నాడు. కూతురు థోర్‌గెర్ద్, నేనూ నీతోపాటే చస్తానంటూ లోపలికి వెళ్ళింది. మాయచేసి పాలు తాగించింది, తమ్ముడి మీద పద్యం చెప్పమంది. ఆ పద్యం పేరు సోనాటొర్రెక్. అదే పేరుతో ఆస్ముందుర్ స్వైన్‌సన్ చేసిన శిల్పం అక్కడ నిలబెట్టారు.

అందులో ఎగిల్ ఓడిన్‌ని నిలదీస్తాడు. నీతో బాగానే ఉన్నాను, నిన్ను నమ్మాను, స్నేహం నువ్వే తెంచావు అంటాడు. ఇష్టమై నీకు పూజ చేయడం లేదు అంటాడు. అయినా కవిత్వం ఇచ్చావు, అది నా నష్టానికి పరిహారం అని లెక్క కడతాడు. నిందాస్తుతి తెలిసిన తెలుగువాళ్ళకి ఈ గొంతు కొత్తగా అనిపించదు. రూపకంతో ఎవరూ ఇలా పోట్లాడరు. రెండు రోజుల వాదంలో నేను ఆవిడవైపు జరిగింది ఇక్కడే.

పద్యం చివరికి ఎగిల్ ఓడిన్‌ని క్షమించాడు కదా అన్నాను.

"క్షమించలేదు, పరిహారం తీసుకున్నాడు. నేనూ మా అబ్బాయి పోయాక ఏడాదిపాటు ఆయనకి ఏమీ పెట్టలేదు."

"మరి ఇప్పుడు?"

"మాటలున్నాయి. అంతకుముందులా మాత్రం కాదు" అంటూ కారు తాళం తీసి, బోర్గార్నెస్‌లో సూప్ దొరికే హోటల్ ఎన్నింటికి మూస్తారో ఫోన్‌లో చూడమంది.