ఫారం 8 నుంచి పులిగూడు దాకా

మా భూటాన్ ప్రయాణం గుంటూరులో, అమ్మ బీరువాలో చీరల కింద ఉన్న ఓటరు కార్డు దగ్గర మొదలైంది. మనవాళ్ళకి అక్కడికి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టో ఓటరు కార్డో చూపిస్తే అనుమతి పత్రం ఇస్తారు. అమ్మకి పాస్‌పోర్టు లేదు. ఓటరు కార్డుంది గానీ పాతికేళ్ళ నాటిది. ఫొటో మసకబారి, ఎవరో దుప్పటి ముసుగేసుకుని కూర్చున్నట్టుంది.

"ఇది నేనేరా" అంది అమ్మ.

"నువ్వేనని నాకు తెలుసమ్మా, సరిహద్దులో వాళ్ళకెలా తెలుస్తుంది?"

ఫోన్లో మాట్లాడిన ఒక ట్రావెల్ ఏజెంటు "ఆధార్ చాలు సార్, నేను చూసుకుంటా" అన్నాడు. ఆ "నేను చూసుకుంటా" వినగానే నాకు అనుమానమొచ్చింది. భూటాన్ వాళ్ళ ఇమిగ్రేషన్ నిబంధనలు చదివితే ఆధార్ చెల్లదని తేలింది. ఫారం 8 పెట్టి, కొత్త ఫొటోతో కార్డు మార్పించాను. అది చేతికొచ్చేసరికి రెండు నెలలు పట్టింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలనుకుంటే టికెట్లకన్నా ముందు ఈ కార్డు తీసి చూడండి.

విజయవాడ నుంచి కోల్‌కతా, సియాల్దాలో కాంచన్‌కన్యా రైలెక్కి హాసిమారా, అక్కణ్ణుంచి ఆటోలో జైగావ్. జైగావ్ బెంగాల్లో ఉంది, గోడ అవతల ఫుంట్‌షోలింగ్ భూటాన్‌ది. ఇటు హారన్ల గోల. గేటు దాటి పది అడుగులు వేయగానే కార్లు ఆగి మాకు దారిచ్చాయి. అమ్మ రోడ్డు దాటకుండా నిలబడిపోయింది. కారు తనకోసమే ఆగిందని ఎంత చెప్పినా నమ్మదే!

దరఖాస్తు ముందే ఆన్‌లైన్లో పెట్టాను. కౌంటర్లో కాగితాలు చూసి, ఫొటో తీసి, అమ్మ మొహాన్నీ కార్డునీ రెండుసార్లు పోల్చి చూసి ముద్ర వేశారు. రెండు నెలలు దేనికోసం ఆగామో ఆ పని రెండు నిమిషాల్లో అయిపోయింది. అసలు బరువంతా రుసుముది. 2022 సెప్టెంబరు నుంచి భారతీయులు మనిషికి రాత్రికి 1200 రూపాయలు కట్టాలి. ఆరు రాత్రులు, ఇద్దరం, 14,400. గది, తిండి, కారు వేరే.

"దేనికిట అంత? గాలి పీల్చినందుకా?" అంది అమ్మ. తమాషాగా అన్నా, ఒకరకంగా అందుకే. ఆ డబ్బు చదువుకీ వైద్యానికీ అడవులకీ వాడతామని అంటారు. దేశంలో కనీసం 60 శాతం ఎప్పటికీ అడవిగానే ఉండాలని వాళ్ళ రాజ్యాంగంలోనే రాసుకున్నారు.

వాచీలో అరగంట ముందుకి తిప్పుకుని రాజధాని థింఫూ బయల్దేరాం. లోపలి ప్రయాణానికి ఒక గైడ్‌ని పెట్టుకున్నాం. మాకొచ్చింది పాతికేళ్ళ కుర్రాడు. మోకాళ్ళ దాకా వచ్చే గళ్ళ ఘో (అక్కడి మగవాళ్ళ అంగీ), పొడుగు సాక్సులు, నిగనిగలాడే బూట్లు. ఘోని నడుం దగ్గర బిగించి కడితే పొట్టమీద ఓ పెద్ద సంచీలా తయారవుతుంది. మా అనుమతి పత్రాలు, తన ఫోను, నీళ్ళ సీసా, అమ్మ తినకుండా వదిలేసిన బిస్కెట్లు, అన్నీ అందులోకే వెళ్ళాయి. రెండో రోజుకి నన్ను విని తనూ "అమ్మా" అనడం మొదలుపెట్టాడు.

మలుపుల దారిలో అమ్మకి వాంతి రాకుండా ఉండాలని కబుర్లలో పెట్టాను. స్థూల జాతీయోత్పత్తి కన్నా స్థూల జాతీయ ఆనందం ముఖ్యమని నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1970లలో అన్న మాట మనకందరికీ తెలిసిందే. 2008 రాజ్యాంగంలోనూ చేరింది. నేను దాన్ని టూరిజం వాళ్ళ నినాదం కింద కొట్టిపారేసేవాణ్ణి. కానీ గైడ్ వాళ్ళింటికి 2022లో ఆ ఆనందాన్ని కొలిచే సర్వే వాళ్ళొచ్చారట. 9 విభాగాలు, 33 సూచికలు. ఆదాయం, చదువు లాంటివి సరే. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు? ఈమధ్య కోపం, అసూయ, దిగులు ఎంత తరచుగా కలిగాయి? ప్రార్థన చేస్తారా? జబ్బు పడితే ఆదుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

నేను తెలుగులో చెప్తుంటే అమ్మ ఒక్కోదానికీ జవాబిస్తూ పోయింది. నిద్ర నాలుగు గంటలు. కోపం, "మీ నాన్న పోయాక ఎవరిమీద పడను?" ఆదుకునేవాళ్ళ దగ్గర వేళ్ళు ముడుస్తూ మొదలుపెట్టి, ఎదురింటి వాళ్ళు, పాలవాడు, మా పెద్దమ్మ కూతురు దాకా వచ్చి, కిటికీలోంచి లోయకేసి చూస్తూ ఊరుకుంది. లెక్కలో నేను ఎన్నోవాణ్ణో అడిగే ధైర్యం రాలేదు.

ఇక్కడ ఒక మాట దాటేయకూడదు. ఈ ఆనందం లెక్కలోకి అందరూ రాలేదు. 1990ల మొదట్లో దక్షిణ భూటాన్ నుంచి నేపాలీ మాట్లాడే లక్షమంది దాకా వెళ్ళగొట్టబడి, నేపాల్ శిబిరాల్లో ఏళ్ళ తరబడి మగ్గి, చివరికి ఎక్కువమంది అమెరికా చేరారు. ఆ సంగతి ఎత్తితే గైడ్ "నేనప్పటికి పుట్టలేదు సార్" అని డ్రైవర్‌తో ఏదో మాట్లాడటంలో పడ్డాడు.

థింఫూలో మెమోరియల్ చోర్టెన్ అమ్మకి సొంతూరు గుడిలా అనిపించింది. మూడో రాజు జ్ఞాపకార్థం 1974లో కట్టిన తెల్లటి స్తూపం. పొద్దున్నే ముసలివాళ్ళు జపమాలలు తిప్పుకుంటూ దానిచుట్టూ ప్రదక్షిణలు చేస్తారు, మనలాగే కుడివైపు నుంచి. అమ్మ చెప్పులు విప్పేసి వాళ్ళలో కలిసిపోయింది. ఐదో చుట్టులో ఒక ముసలావిడ ఆపి, ఆకులో వక్క, సున్నం పెట్టి చేతికిచ్చింది. దాన్ని డోమా అంటారు. తాంబూలమే కదా అని అమ్మ నోట్లో వేసుకుంది. మన వక్క కాదది, ఊరబెట్టిన పచ్చి వక్క. నిమిషంలో అమ్మ చెవులు ఎర్రబడ్డాయి, నుదుట చెమట పట్టింది. ఉమ్మలేదు, మింగలేదు. ముసలావిడ పళ్ళన్నీ ఎర్రగా కనిపించేలా నవ్వింది. భాష రాని ఇద్దరూ గట్టుమీద పక్కపక్కన కూర్చుని అరగంట నవ్వుకున్నారు.

తిండి దగ్గర మాత్రం మా గుంటూరు పరువు పోయింది. ఎమా అంటే మిరపకాయ, దత్షి అంటే జున్నులాంటి చీజ్. ఎమా దత్షిలో మిరపకాయ రుచికోసం కాదు, అదే కూర. పురుగుమందుల అవశేషాలున్నాయని 2016లో మన పచ్చిమిర్చి దిగుమతిని ఆపేశారని గైడ్ చెబితే, "మా మిరపకాయనా!" అని అమ్మ కంచం పక్కకి జరిపింది. మర్నాడు మళ్ళీ అదే అడిగి తింది.

ఇంక పారో దగ్గర కొండమీది గుడి, తక్‌సంగ్. పులిగూడు అని అర్థం. గురు పద్మసంభవుడు 8వ శతాబ్దంలో ఆడపులి మీద ఎగిరొచ్చి ఇక్కడి గుహలో ధ్యానం చేశాడంటారు. 1692లో గుహల చుట్టూ ఆలయం కట్టారు. 1998లో కాలిపోతే మళ్ళీ కట్టి 2005కల్లా పూర్తిచేశారు. 3120 మీటర్ల ఎత్తు. కింద నుంచి చూస్తే కొండగోడకి ఎవరో తెల్ల కాగితం అతికించినట్టుంటుంది.

ఏడింటికల్లా మొదలుపెట్టాం. అమ్మని సగం దారిలో ఉండే ఫలహారశాల దాకా గుర్రమెక్కించాం. అక్కడినుంచి అందరూ నడవాల్సిందే, దిగేటప్పుడు అసలే గుర్రం లేదు. గాలి పలచనైపోయి పది అడుగులకోసారి ఆగింది. ఆగిన ప్రతిసారీ నా మొహం చూసి "నువ్వు అలిసిపోయావురా, కూర్చో" అనేది. ఎదురుగా గుడి చేయి చాస్తే అందేలా కనిపించే చోటుకొచ్చాక అసలు మెలిక తెలుస్తుంది. మధ్యలో లోయ ఉంది. వందల మెట్లు కిందికి దిగి, జలపాతం పక్కన వంతెన దాటి, మళ్ళీ పైకెక్కాలి. "అయితే దిగడానికా ఇంతసేపు ఎక్కింది?" అంది అమ్మ.

ఫోన్లు, సంచులు గుమ్మంలోనే పెట్టేయాలి. లోపల వెన్న దీపాల వాసన, కాళ్ళకింద చల్లటి చెక్క. ఒక సన్యాసి నెమలి ఈక గుచ్చిన పాత్రతో వచ్చాడు. గైడ్ ఏదో చెప్పబోయేలోపే అమ్మ కొంగు కుడిచేతి కింద పెట్టి దోసిలి పట్టింది. కుంకుమపువ్వు వాసనేసే నీళ్ళు పోశాడు. తాగి, తడిచెయ్యి తలకి రాసుకుంది. గైడ్ నోరు తెరిచి, "అమ్మకి ఎవరు నేర్పారు?" అన్నాడు.

ఎక్కడి నుంచి వచ్చామో అప్పుడు వివరంగా చెప్పాను: గుంటూరు, అమరావతి పక్కన. అమరావతి పేరు వినగానే అతను ఆగిపోయాడు. బుద్ధుడు కాలచక్రమనే తంత్రాన్ని బోధించింది ధాన్యకటకంలో, అంటే మా అమరావతిలోనేనని వాళ్ళ నమ్మకం. 2006లో దలైలామా కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు వాళ్ళ అమ్మమ్మ అమరావతి వచ్చిందట, గుప్పెడు మట్టి తెచ్చి ఇంట్లో పూజగదిలో పెట్టుకుందట. అమ్మకీ ఆ జనవరి గుర్తుంది. "బస్టాండు నిండా ఎర్రబట్టలవాళ్ళు. ఒకావిడ నా దగ్గర మంచినీళ్ళు తాగింది." ఆవిడే వాళ్ళ అమ్మమ్మేమోనని ఇద్దరూ దిగేదాకా వాదించుకున్నారు. మధ్యలో అనువాదం చేయలేక నా ప్రాణం పోయింది.

దిగేటప్పుడే చెప్పాడు, ఆస్ట్రేలియా వెళ్ళడానికి ఇంగ్లీషు పరీక్ష రాశానని. తన క్లాసులో సగంమంది అప్పటికే అక్కడున్నారట. "మరి మీ సర్వేలో ఆ ప్రశ్నుందా?" అని అమ్మ అడిగింది. నేను అనువదించలేదు. అర్థమైనట్టు నవ్వాడు.

ఆఖరి రోజు ఫుంట్‌షోలింగ్‌లో కాగితాలు చూపించి, ముద్ర వేయించుకుని ఇవతలికొచ్చాం. జైగావ్ హారన్లు మళ్ళీ చుట్టుముట్టాయి. హాసిమారా బండికి టైముందో లేదోనని కంగారుపడుతుంటే అమ్మ నా మణికట్టు పట్టుకుని వాచీ తిప్పించింది.

"అరగంట మిగిలిందిగా. టీ తాగుదాం పద."