"ఎన్ని ఎమ్మెల్ వెయ్యాలి?" అని అడిగేముందు

నర్వ్ బ్లాకులు, అంటే నరం పక్కన మత్తుమందు ఎక్కించి నొప్పి ఆపడం, నేర్చుకుంటున్న జూనియర్ డాక్టర్లు ఎక్కువగా అడిగేది ఇదే: ఈ బ్లాక్‌కి ఎన్ని ఎమ్మెల్? సూది మొన ఎక్కడ ఆగిందో మాట్లాడకుండా అంకె చెప్పడం నాకు ఇష్టం ఉండదు. మొన సరైన పొరలో, నరం పక్కన ఉంటే కొంచెం మందు చాలు, పొర తప్పితే ఎంత ఎక్కించినా కండరంలోకి పోతుంది తప్ప నొప్పి తగ్గదు.

భుజానికి మెడ దగ్గర ఇచ్చే ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ సంగతే చూడండి. అక్కడ డయాఫ్రమ్‌ని (ఊపిరి పీల్చడానికి వాడే ముఖ్యమైన కండరం) కదిలించే ఫ్రెనిక్ నరం బాగా దగ్గర్లో ఉంటుంది కాబట్టి 20 ఎమ్మెల్ వేస్తే దాదాపు అందరిలోనూ అటువైపు డయాఫ్రమ్ కొన్ని గంటలు పడిపోతుంది, అదే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ 5 ఎమ్మెల్‌తో సరిపెడితే సుమారు సగం మందిలోనే అలా జరుగుతుంది, నొప్పి మాత్రం బాగానే తగ్గుతుంది. ఊపిరితిత్తులు అంతంతమాత్రంగా ఉన్న మనిషికి ఇది చాలా పెద్ద తేడా.

స్క్రీన్ మీద సూది కనిపిస్తే మొన కనిపించినట్టు కాదు. ఒంటి మీద ఆనించే అల్ట్రాసౌండ్ ప్రోబ్ కాస్త పక్కకి జరిగితే సూది మధ్యభాగాన్నే మొన అనుకుంటాం, అసలు మొన ఇంకా లోపల ఉంటుంది. మొన దొరక్కపోతే సూది తొయ్యకండి, ప్రోబ్ సరిచేసుకోండి. తర్వాత ఒక్క ఎమ్మెల్ వేసి మందు ఎటు పాకుతోందో చూడండి. మందు తోస్తుంటే మీ చేతికి గట్టిగా అనిపించినా, రోగి కరెంటు షాక్ కొట్టినట్టుందని అన్నా అక్కడే ఆపి సూది వెనక్కి తియ్యాలి. రోగికి మాట్లాడే స్పృహ ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక లెక్క. బుపివకైన్ అనే మత్తుమందు గరిష్ఠ మోతాదు కిలో బరువుకి 2 మి.గ్రా. అనుకుంటే 60 కిలోల మనిషికి 120 మి.గ్రా., 0.5 శాతం మందులో ఎమ్మెల్‌కి 5 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 24 ఎమ్మెల్. రెండు చోట్ల బ్లాక్ ఇస్తే ఆ రెండింటికీ కలిపి ఇంతే, లిగ్నోకైన్ అనే మరో మత్తుమందు కలిపితే దాని విషప్రభావం కూడా ఇందులోకే చేరుతుంది. పక్కటెముకల దగ్గర మందు రక్తంలోకి త్వరగా చేరుతుంది, కాబట్టి అక్కడ ఇంకా తగ్గించుకోవాలి. నాలుగైదు ఎమ్మెల్‌కోసారి సిరంజి వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడాలి, రాకపోయినా పూర్తి భరోసా లేదు. పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు అని రోగి చెప్తే మందు ఆపి వెంటనే సాయానికి పిలవాలి. ఇవి మందు విషప్రభావానికి గుర్తులు, అది ఫిట్స్ వరకూ, గుండె ఆగేవరకూ వెళ్లొచ్చు. దానికి విరుగుడుగా రక్తనాళంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం, 20 శాతం లిపిడ్ ఎమల్షన్, గదిలో లేకపోతే బ్లాక్ మొదలుపెట్టకండి, మొదటి డోసు కిలోకి 1.5 ఎమ్మెల్ అని గోడ మీద రాసి ఉంచండి, టెన్షన్‌లో అది గుర్తురాదు.

నొప్పి ఎక్కడినుంచి వస్తోందో తేల్చడానికి ఇచ్చే బ్లాకులకైతే మందు తక్కువ వెయ్యడమే ప్రాణం. నడుములో ఫేసెట్ కీలు (వెన్నుపూసల మధ్య ఉండే చిన్న కీలు) కోసం దాని నొప్పిని మోసే మీడియల్ బ్రాంచ్ అనే సన్న నరానికి అర ఎమ్మెల్ మించొద్దు. ఎక్కువ వేస్తే పక్క నరాలకూ పాకి, రోగికి హాయిగా ఉంటుంది గానీ కారణం మాత్రం తెలియదు, ఆ తప్పు జవాబు పట్టుకుని నరాన్ని రేడియోఫ్రీక్వెన్సీ కరెంటు వేడితో కాల్చేదాకా వెళ్లిపోతాం. అందుకే బ్లాక్ అయ్యాక పడుకున్న మనిషిని "తగ్గిందా?" అని అడిగి వదిలెయ్యకండి. ముందు ఏ కదలికకి నొప్పి వచ్చేదో అదే చేయించి చూడండి, ఎన్ని గంటలు తగ్గిందో ఇంటి దగ్గర రాసుకోమని చెప్పండి.